రాయగడలో రోజూ తిరగడానికి స్పోర్టీ లగ్జరీ ఎస్‌యూవీ: టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

నాగావళి_గట్టు:

అందరికీ నమస్కారం. ఉండేది రాయగడ. వచ్చే శనివారం విశాఖలో మూడు బళ్లకు టెస్ట్ డ్రైవ్ అడిగాం: బీఎండబ్ల్యూ ఎక్స్3, మెర్సిడెస్ జీఎల్‌సీ, ఆడి క్యూ5. ఒక్కో బండికి అరగంట ఇస్తామన్నారు.

మా వాడకం ఇదీ. వారం అంతా ఊళ్లోనే: ఇల్లు, కొట్టు, పిల్లల బడి. ఒక్కో విడత నాలుగైదు కిలోమీటర్లు మించదు. నెలకు రెండుసార్లు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ. అప్పుడప్పుడు కొరాపుట్, జయపురం. డ్రైవర్ లేడు, నడిపేది నేనూ మా ఆవిడా. వెనక అమ్మ, ఇద్దరు పిల్లలు కూర్చుంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చిన్నదానికి ఇంకా చైల్డ్ సీటు కావాలి.

నడపడంలో హుషారు ఉండాలి, అందుకే ఈ తరగతి బళ్లు చూస్తున్నాం. కానీ రోజూ వాడే బండి, షెడ్డులో కప్పి ఉంచేది కాదు. ఆ అరగంటలో ఏది చూస్తే మన రోడ్లకు పనికొస్తుందో లేదో తేలుతుంది? పెట్రోలా డీజిలా? విశాఖలో కొంటే ఒడిశా నంబరుకు ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

సుంకి_ఘాటీ:

ముందు ఒక మాట. ఈ బళ్లలో స్పోర్ట్ అనేది రెండు రకాలు. ఒకటి ఇంజనూ గేర్‌బాక్సూ స్టీరింగూ. అది కావలసిందే. రెండోది అందం కోసం వేసే పెద్ద చక్రాలు, పల్చటి టైర్లు. మన రోడ్ల మీద నడుం విరిగేదీ డబ్బు పోయేదీ ఈ రెండోదాని వల్లే. టెస్ట్ డ్రైవ్‌లో ఈ రెంటినీ విడదీసి చూడటమే అసలు పని. లేకపోతే చక్రాల తప్పు బండి మీద పడుతుంది, లేదా బండి తప్పు చక్రాల చాటున దాక్కుంటుంది.

కాబట్టి బండి ఎక్కకముందే టైరు పక్కన కూర్చుని సైజు చదవండి. 235/55 ఆర్19 అని ఉంటే టైరు గోడ ఎత్తు 235లో 55 శాతం, అంటే 129 మిల్లీమీటర్లు. 255/45 ఆర్20 అయితే 115. 255/40 ఆర్21 అయితే 102. అలాయ్‌కీ గుంత అంచుకీ మధ్య ఉండేది ఆ రబ్బరే. పార్వతీపురం దాటాక వానాకాలంలో తారు లేచిపోయిన చోట 60లో గుంత అంచు తగిలితే, పల్చటి టైరు గోడ రిమ్ముకీ అంచుకీ మధ్య నలుగుతుంది. లోపలి తీగలు తెగి బయటికి బుడగ వస్తుంది. బుడగ వచ్చిన టైరుకి మరమ్మతు ఉండదు, తీసెయ్యాల్సిందే. షోరూంలో డెమో బండికి ఏ సైజు వేశారో, మీరు కొనే వేరియంటుకి ఏ సైజు వస్తుందో రెండూ అడిగి రాసుకోండి. చాలాసార్లు అవి ఒకటి కావు.

తర్వాత గాలి. డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, ముందు వెనక ఎంత గాలి ఉండాలో, ఫుల్ లోడుకి ఎంతో. బండి స్క్రీన్‌లోనూ నాలుగు టైర్ల గాలీ చూపిస్తుంది. బార్‌లో చూపిస్తే 14.5తో గుణించండి, పీఎస్ఐ వస్తుంది. స్టిక్కర్ మీద ఉన్నది చల్లటి టైరు లెక్క. ఎండలో నిలబడ్డ బండికి 5, 6 డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ చొప్పున పెరుగుతుంది, అది మామూలే. కానీ స్టిక్కర్ కన్నా నాలుగైదు తక్కువ ఉంటే ఆ మెత్తదనం బండిది కాదు. అలాగే ఫ్యాక్టరీ నుంచి లారీలో వచ్చేటప్పుడు ఎక్కువ గాలి కొట్టి పంపుతారు, దాన్ని తగ్గించకుండా డెమోకి పెడితే బండి రాయిలా ఉంటుంది. తేడా ఉంటే సరిచేయించాకే కదలండి.

ఇక నడపడం. షోరూం వాళ్లు బీచ్ రోడ్డుకో ఆనందపురం వైపు ఆరు వరుసల రోడ్డుకో తీసుకెళ్తారు. అక్కడ ఏ బండైనా బాగుంటుంది. మొదటి పది నిమిషాలు పాత కాలనీ సందుల్లో తిప్పండి. మ్యూజిక్ ఆపి, ఏసీ ఫ్యాను ఒకటి మీద పెట్టి, అద్దాలు ఎక్కించి, కంఫర్ట్ మోడ్‌లో, 20 నుంచి 30 వేగంలో. గట్టి సస్పెన్షన్ తన స్వభావం బయటపెట్టేది ఈ వేగంలోనే. 80లో అదే బండి నున్నగా పోతుంది, అదే జనాన్ని మోసం చేసేది. చిన్న గతుకు దాటినప్పుడు ఒక్క మెత్తటి చప్పుడుతో ఆగిపోవాలి. ఠక్కుమని సీట్లోంచి వెన్నుకి తగిలినా, దాటాక బండి ఇంకో రెండుసార్లు పైకీ కిందకీ ఊగినా మంచిది కాదు.

స్పీడ్ బ్రేకర్ విషయానికి వస్తే, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మన ఊళ్ల దగ్గర జనం సొంతంగా వేసుకునేవి ఎత్తుగా, ఇరుకుగా ఉంటాయి. వాటి మీద బండి నడుం రాసుకుంటుంది. ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువైనకొద్దీ నడుం తగిలే అవకాశం పెరుగుతుంది. కాబట్టి గ్రౌండ్ క్లియరెన్స్ అంకె ఒక్కటే చూసి లాభం లేదు. నలుగురు ఎక్కాక, మధ్యలో కింద అన్నిటికన్నా కిందకి ఉన్న భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. ఖాళీ బండికీ నిండు బండికీ తేడా కళ్లకు కనిపిస్తుంది. తర్వాత ఆ నలుగురితోనే ఒక మొరటు బ్రేకర్ దాటండి.

తర్వాత పదినిమిషాలు మీ ఆవిడ నడపాలి, మీరు వెనక కూర్చోవాలి. ఇది మానొద్దు. ముందు సీట్లో తెలియని కుదుపు వెనక తెలుస్తుంది, ఎందుకంటే వెనక సీటు దాదాపు వెనక ఇరుసు మీదే ఉంటుంది. అమ్మగారు కూర్చునేది అక్కడే కదా.

చివరి పదినిమిషాలు మీ హుషారుకి. 40లో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 80 దాకా వెళ్లండి. తొక్కిన క్షణం నుంచి బండి నిజంగా కదిలేదాకా ఎంత ఆలస్యమో గమనించండి. తిక్రి వైపు నుంచి వచ్చే లారీలని రెండు వరుసల రోడ్డు మీద దాటాలంటే కావలసింది ఆ సమయమే, 0 నుంచి 100 అంకె కాదు. స్పోర్ట్ మోడ్‌లో ఇంజను ఎక్కువ తిరుగుతూ సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఆలస్యం తగ్గుతుంది. కంఫర్ట్‌లోనూ చూడండి, రోజూ ఉండేది అందులోనే.

వీలైతే సింహాచలం కొండ ఘాట్ ఎక్కి దిగండి. శనివారం రద్దీ ఉంటుంది, పొద్దున మొదటి టైమే అడగండి. దిగేటప్పుడు స్టీరింగ్ వెనక రెక్కలతో గేరు రెండుకో మూడుకో దించి, బ్రేకు తొక్కకుండా ఇంజనే పట్టి ఉంచుతుందో లేదో చూడండి. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కి దిగే రోడ్డులో ఇది రోజువారీ అవసరం. దిగినంత సేపూ బ్రేకు మీదే ఉంటే ప్యాడ్లు కాలి పట్టు తగ్గుతుంది. రెండు టన్నుల బండికి అది త్వరగా జరుగుతుంది.

జయపురం_డీజిల్:

పై పోస్టు తర్వాత బండి నడక గురించి చెప్పడానికి పెద్దగా మిగల్లేదు. ఇంజను సంగతి చెప్తాను.

మొదట క్యూ5: బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఆడి మన దేశంలో డీజిల్ అమ్మడం మానేసింది. కాబట్టి డీజిలే కావాలనుకుంటే ఇది లిస్టులోంచి తప్పుకుంటుంది. ఎక్స్3, జీఎల్‌సీ రెంటికీ రెండూ ఉన్నాయి. ఘాటీలో లాగేది టార్క్, అంటే ఇంజను తిప్పే బలం, కాబట్టి ఆ అంకెలు చూడండి. ఎక్స్3 20డి డీజిల్ 400 న్యూటన్ మీటర్లు, పెట్రోలు 20 మోడల్ 310. జీఎల్‌సీ 220డి 440, పెట్రోలు 300 మోడల్ 400. బీఎండబ్ల్యూలో రెంటి మధ్య తేడా పెద్దది. మెర్సిడెస్‌లో పెట్రోలు కూడా పెద్దగా వెనకపడదు, పైగా పవర్ ఎక్కువ. అందుకని "డీజిల్ బాగుంటుందా" అన్న ప్రశ్నకి రెండు కంపెనీల్లో జవాబు ఒకటి కాదు.

డీజిల్‌లో అసలు చిక్కు డీపీఎఫ్. సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ అది. మసి నిండాక దాన్ని సుమారు 600 డిగ్రీల వేడిలో బండే కాల్చుకుంటుంది. ఆ వేడి రావాలంటే ఇంజను బాగా వేడెక్కి, 60 దాటిన వేగంలో ఆగకుండా 15, 20 నిమిషాలు పోవాలి. మీరు చెప్పిన నాలుగు కిలోమీటర్ల విడతల్లో ఇంజను సరిగ్గా వేడెక్కేలోపే బడి వచ్చేస్తుంది. కాల్చడం మొదలవుతుంది, మధ్యలో ఇగ్నిషన్ ఆపేస్తారు, మళ్లీ మొదలు. ఇలా పదేపదే ఆగితే, ఫిల్టర్ కాల్చడానికి చల్లిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజనాయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ లెవెల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పెరిగిందంటే సంతోషించకూడదు, పల్చబడ్డ ఆయిల్ అది, మార్చాలి.

కాల్చుతోందని కనిపెట్టడం కష్టం కాదు. నిలబడ్డప్పుడు ఆర్‌పీఎం మామూలు కన్నా కొంచెం పైన ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఇంజను దానంతట అది ఆగిపోయే స్టార్ట్ స్టాప్ పనిచెయ్యదు, బండి ఆపాక రేడియేటర్ ఫ్యాను గట్టిగా తిరుగుతూనే ఉంటుంది, కింద నుంచి వేడి ఇనుము వాసన వస్తుంది. ఇవి కనిపిస్తే ఇంటి ముందు ఆపకుండా ఊరి బయటికి ఒక చుట్టు తిప్పి రండి. మీరు నెలకు రెండుసార్లు విశాఖ పోతారు కాబట్టి మామూలు నెలల్లో డీపీఎఫ్‌కి ఢోకా ఉండదు. వానాకాలంలో ప్రయాణాలు వాయిదా పడే నెలల్లో మాత్రం వారానికొకసారి మునిగూడ వైపో గుణుపురం వైపో అరగంట ఏకబిగిన నడపాలి. ఆ అలవాటు పెట్టుకోగలరా లేదా అన్నదే డీజిల్ ప్రశ్న.

యాడ్‌బ్లూ ఇంకోటి. డీజిల్ పొగలో విషవాయువులు తగ్గించడానికి వాడే ద్రవం అది, 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధ జలం, నీలం మూత ఉన్న ట్యాంకులో పొయ్యాలి. లారీలకూ ఇదే వాడతారు కాబట్టి పెద్ద బంకుల్లోనూ లారీ సామాన్ల కొట్లలోనూ దొరుకుతుంది. డబ్బా మీద ఐఎస్ఓ 22241 అని ఉండాలి, సీలు ఉండాలి. ఇంకా ఎన్ని కిలోమీటర్లు వస్తుందో బండి చాలా ముందు నుంచే చెప్తుంది. లెక్క సున్నాకి వచ్చాక ఇంజను ఆపితే మళ్లీ స్టార్ట్ అవ్వదు, నింపాల్సిందే. పొరపాటున యాడ్‌బ్లూ డీజిల్ ట్యాంకులో పోస్తే సెల్ఫ్ కొట్టొద్దు, ఇగ్నిషన్ కూడా ఆన్ చెయ్యొద్దు. ట్యాంకు ఖాళీ చేయించడంతో పోతుంది. స్టార్ట్ చేస్తే పంపు, ఇంజెక్టర్లు అన్నీ మార్చాలి.

పెట్రోలైతే ఈ తలనొప్పి లేదు, చిన్న విడతలకి అదే సుఖం. మూత లోపల స్టిక్కర్ మీద ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) అనీ, ఎంత ఆక్టేన్ అడుగుతోందో అదీ చదవండి. ఇథనాల్‌లో పెట్రోలుకన్నా మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి 20 శాతం కలిపితే మైలేజీ ఆరేడు శాతం తగ్గడం లెక్క ప్రకారం జరిగేదే, బండి లోపం కాదు.

గేర్‌బాక్స్ కూడా చూసుకోండి. ఎక్స్3లో ఎనిమిది, జీఎల్‌సీలో తొమ్మిది గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా అందించే ఆటోమేటిక్). క్యూ5లో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే ఆటోమేటిక్). హైవే మీద డ్యూయల్ క్లచ్ చాలా చురుకు. ఘాటీలో లారీ వెనక అయిదు కిలోమీటర్ల వేగంతో పాకేటప్పుడు మాత్రం క్లచ్ రాసుకుంటూ వేడెక్కుతుంది. పాకుతూ ఉండకుండా ముందు బండికి సందిచ్చి, కదిలినప్పుడు సరిగ్గా కదలడం దానికి మందు. టెస్ట్ డ్రైవ్‌లో ఎత్తు మీద ఆపి, బ్రేకు వదిలి, నెమ్మదిగా కదిలించి చూడండి. కుదుపు ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

బరంపురం_బైపాస్:

వెనక సీటు, సామాను, బయటి కొలతల గురించి.

అమ్మగారిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఇంట్లో ఆవిడ చేతులు ఆన్చకుండా లేవగలిగే కుర్చీ ఎత్తు ముందే కొలిచి రాసుకోండి. బండి వెనక సీటు అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో అక్కడ కొలవండి. అంచు కుర్చీ కన్నా కాస్త పైనే ఉంటే మంచిది, కాళ్లు ఆనుతూ జారి దిగిపోవచ్చు. మరీ పైనైతే పాదం అందక గుమ్మం మీద కాలు పెట్టి తిరగాలి, మోకాలు మెలితిరిగేది అప్పుడే. గుమ్మం వెడల్పు కూడా చూడండి. కొన్ని బళ్లలో తలుపు కింది దాకా వచ్చి గుమ్మాన్ని కప్పేస్తుంది, తలుపు తీస్తే గుమ్మం శుభ్రంగా ఉంటుంది. కప్పని బళ్లలో వానాకాలం బురదంతా గుమ్మానికే పట్టి, దిగేటప్పుడు చీర కుచ్చిళ్లకి అంటుకుంటుంది. చూడటానికి అర నిమిషం పట్టదు, కానీ ఎవరూ చూడరు.

మీ చైల్డ్ సీటు వెంట పట్టుకెళ్లి ఐసోఫిక్స్ కొక్కేలకి నిజంగా బిగించి చూడండి. బిగించాక మధ్యలో ఇంకొకరు కూర్చోగలరా అన్నది అప్పుడే తేలుతుంది. ఈ బళ్లన్నిటిలో నాలుగు చక్రాలకీ పవర్ పోయే షాఫ్టు ఉంటుంది కాబట్టి మధ్యలో నేల ఎత్తుగా ఉంటుంది, మధ్యలో కూర్చునేవాళ్లు కాళ్లు చెరో పక్కా పెట్టుకోవాలి. చైల్డ్ సీటు పక్కన పెద్ద పిల్ల, తర్వాత అమ్మగారు అన్న లెక్క కుదరకపోతే బండి ఎంత బాగున్నా మీకు కాదు.

డిక్కీ లీటర్ల అంకె నమ్మొద్దు. జీఎల్‌సీ 620, ఎక్స్3 570, క్యూ5 520 అని పుస్తకంలో ఉంటుంది. స్టెప్నీ ఎక్కడ ఉందో చూడండి. కింద అరలో ఉంటే సరే, డిక్కీ నేల మీదే పెట్టి పట్టీ కట్టి ఉంటే ఆ లీటర్లలో మంచి భాగం పోయినట్టే. మీ రెండు పెద్ద సూట్‌కేసులు తీసుకెళ్లి పెట్టి చూడండి.

రన్‌ఫ్లాట్ టైర్లయితే (గాలి పోయినా కొంత దూరం పోగలిగేవి) స్టెప్నీ ఇవ్వకపోవచ్చు. టైరు గోడ మీద మిషెలిన్ అయితే జడ్‌పీ, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఎఫ్‌టీ, కాంటినెంటల్ ఎస్ఎస్ఆర్, గుడ్‌ఇయర్ ఆర్ఓఎఫ్ అని రాసి ఉంటే అవి రన్‌ఫ్లాట్లు. గాలి పూర్తిగా పోయినా 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు పోవచ్చన్నది వాటి హామీ. రాయగడ నుంచి ఆ దూరంలో విశాఖ రాదు. గోడ గట్టిది కాబట్టి సాధారణ పంచర్ కొట్టులో ఇనుప కడ్డీలతో తీయలేరు, సాయం చెయ్యి ఉన్న మెషిన్ కావాలి. గాలి లేకుండా నడిపిన రన్‌ఫ్లాట్‌కి పంచర్ వేయించి మళ్లీ వాడటం మంచిది కాదు, లోపలి గోడ పొడిపొడిగా నలిగి ఉంటుంది. రాయగడ, కొరాపుట్ వైపు రోడ్లకి మామూలు టైర్లూ, డిక్కీలో స్టెప్నీ, ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు: నా ఓటు దీనికే.

వెడల్పు: జీఎల్‌సీ 1,890 మిల్లీమీటర్లు, ఎక్స్3 1,920. అద్దాలు తెరిస్తే రెండూ రెండు మీటర్లు దాటిపోతాయి. మీ గేటు, గేటు ముందు మలుపు కొలుచుకోండి. తిరగడానికి సుమారు 12 మీటర్ల చోటు కావాలి, అంటే ఆరు మీటర్ల వీధిలో ముందుకీ వెనక్కీ మూడుసార్లు అవ్వాల్సిందే. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆదివారం రద్దీలో ఇది బాగా తెలుస్తుంది. 360 కెమెరా ఉంది కదా అనుకోకండి, బురద రోడ్డు మీద పది కిలోమీటర్లు పోతే వెనక కెమెరా కళ్లు మూసుకుంటుంది. అద్దాల్లో చూసి రివర్స్ పెట్టగలరా లేదా షోరూం దగ్గరే ఒకసారి కెమెరా చూడకుండా చేసి చూడండి.

ఇంకోటి, ఏసీ. ఎక్స్3, జీఎల్‌సీ రెంటిలో ఏసీ అంతా స్క్రీన్ మీదే. రెండో తరం క్యూ5లో మామూలు బటన్లూ తిప్పే మీటలూ ఉన్నాయి. గతుకుల రోడ్డు మీద పోతూ రెండు డిగ్రీలు తగ్గించాలంటే కళ్లు రోడ్డు మీంచి ఎంతసేపు తీయాల్సి వస్తోందో మీ ఆవిడ నడిపేటప్పుడు చూడమనండి. డీజిల్ లేదని క్యూ5ని తీసెయ్యడానికి నేను ఒప్పుకోను. ఊళ్లో తిరిగే రోజులే ఎక్కువ ఉన్న ఇంట్లో ఈ బటన్ల సుఖం రోజుకి పదిసార్లు తెలుస్తుంది.

లేన్ అసిస్ట్ (బండిని గీతల మధ్య ఉంచే సాయం) కూడా. గీతలు సగం చెరిగిన రోడ్డు మీద అది స్టీరింగ్‌ని అనవసరంగా లాగుతుంది. ఆపడానికి ఎన్ని నొక్కులు పడుతుందో, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఆన్ అవుతుందో చూసుకోండి.

పర్లాకిమిడి_కోట:

కాగితాల సంగతి నేను చెప్తాను.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 40 ప్రకారం మీరు ఎక్కడ ఉంటున్నారో, లేదా మీ వ్యాపారం ఎక్కడో, లేదా బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడి అధికారి దగ్గర రిజిస్ట్రేషన్ చేయించాలి. మీకు మూడూ రాయగడే. విశాఖలో తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో డెలివరీ తీసుకుని, రాయగడ ఆర్టీవోలో ఓడీ 18 నంబరు తీసుకోండి. జీవితకాల పన్ను ఒడిశాలోనే కట్టాలి. బుకింగ్ రోజే డీలర్‌కి "వేరే రాష్ట్రం రిజిస్ట్రేషన్" అని రాతలో చెప్పండి. లేకపోతే ఆంధ్రా పన్ను కలిపి ఆన్‌రోడ్ ధర చెప్తారు. మీరు పోల్చాల్సింది ఎక్స్‌షోరూం ధరలు.

విశాఖలో బంధువుల చిరునామా పెట్టి ఏపీ నంబరు తీసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బండి 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంటే సెక్షన్ 47 ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. అప్పుడు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ పన్ను, అక్కడ కట్టిన దానిలో మిగిలింది వెనక్కి తెచ్చుకోవడానికి దరఖాస్తు. అంత తిరుగుడు అక్కర్లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరగతి బళ్లకి జీఎస్టీ 40 శాతం ఒకటే, సెస్సు లేదు. పాత ధరల పట్టీ ఎవరైనా చూపిస్తే తేదీ చూడండి. పది లక్షలు దాటిన బండి మీద ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే పట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు తిరిగి సర్దుకోవచ్చు. అందుకే బిల్లు ఎవరి పేరు మీదో వాళ్ల పాన్ ఇవ్వండి.

ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రీసియేషన్ (తరుగు కోయకుండా ఇచ్చే కవర్), టైరు కవర్, ఇంజను ప్రొటెక్షన్ మూడూ ఉండాలి. గెడ్డ పొంగిన రోడ్డులో నీళ్లు ఇంజన్లోకి పోతే మామూలు పాలసీ సాధారణంగా ఇవ్వదు. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, కనెక్టింగ్ రాడ్డు వంగేది అప్పుడే. క్లెయిమ్ కొట్టేసేదీ ఆ కారణం మీదే. ఎంత లోతు నీళ్లలో పోవచ్చో ఓనర్ మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది, డెమో బండి మాన్యువల్‌లోనే చూసుకోవచ్చు.

రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అని గొప్పగా చెప్తారు. టోయింగ్ ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితం, ఒడిశా వైపు వస్తారా, ఘాటీలో ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ ఎవరు పంపుతారు, ఈ మూడూ మెయిల్‌లో తెప్పించుకోండి. నాలుగు చక్రాలకీ పవర్ ఉన్న బండిని రెండు చక్రాలు పైకెత్తి లాగకూడదు, డ్రైవ్‌లైన్ పాడవుతుంది. ఫ్లాట్‌బెడ్ అనే పట్టుబట్టండి.

నాగావళి_గట్టు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. కొలతలన్నీ రాసుకున్నాను, అమ్మ కుర్చీ ఎత్తుతో సహా. ఫోన్ చేసి అడిగితే ఒక డెమో బండికి 20 అంగుళాల చక్రాలున్నాయని చెప్పారు. మాకు నచ్చిన వేరియంట్‌కీ అవే వస్తాయట. 19 కావాలంటే కింది వేరియంట్ తీసుకోమంటున్నారు, అందులో అడాప్టివ్ సస్పెన్షన్ లేదంటున్నారు. ఏది వదులుకోవాలి?

సుంకి_ఘాటీ:

రెండూ ఒకటే పని చేసేవి కావు, అందుకే చిక్కు. అడాప్టివ్ సస్పెన్షన్‌లోని డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) ఊగడాన్ని అదుపు చేస్తుంది, కంఫర్ట్‌లో కాస్త వదులుతుంది, స్పోర్ట్‌లో బిగిస్తుంది. కానీ గుంత అంచు తగిలే మొదటి దెబ్బ తీసుకునేది టైరు గోడ. దాన్ని ఏ డ్యాంపరూ కాపాడలేదు. ముందు 20 అంగుళాల బండినే పైన చెప్పిన సందుల్లో నడపండి. అమ్మగారు వెనక నుంచి బాగుందంటే, పై వేరియంటే తీసుకుని దానికి కంపెనీ ఆమోదించిన 19 అంగుళాల అలాయ్ సెట్ ఉందేమో అడగండి. స్తంభం స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఆ బండికి అనుమతించిన సైజులన్నీ ఉంటాయి. 19 అందులో ఉంటే బ్రేక్ క్యాలిపర్‌కి తగలదు, వారంటీ గొడవ రాదు, ఆర్టీవో అభ్యంతరం ఉండదు. జాబితాలో లేని సైజు బయట వేయించొద్దు. నాలుగు టైర్ల మొత్తం వ్యాసంలో తేడా వస్తే నాలుగు చక్రాల సిస్టమ్‌కి భారం, స్పీడోమీటరూ తప్పు చూపిస్తుంది.

20లో వెనక సీటు కుదుపు మొదటి సందులోనే తెలిస్తే కింది వేరియంట్ తీసుకోండి. ఇంజనూ గేర్‌బాక్సూ అవేనా అని మాత్రం అడగండి. అవే అయితే మీరు కోరుకున్న హుషారులో పోయేది కొంచెమే.

జయపురం_డీజిల్:

ఇదే మాట ఆర్డర్ ఫారం మీద కూడా రాయించండి: టైరు సైజు, రన్‌ఫ్లాటా కాదా, స్టెప్నీ ఉందా. "స్టాండర్డ్ ఫిట్‌మెంట్" అని వదిలేస్తే డెలివరీ రోజు మాట్లాడటానికి మీ చేతిలో ఏమీ ఉండదు. డెలివరీ ముందు టైరు మీద నాలుగంకెల తేదీ చూడండి. 3525 అంటే 2025లో 35వ వారం. అయిదు టైర్లవీ చూడాలి, స్టెప్నీతో కలిపి. బండి తయారైన నెల కన్నా టైర్లు బాగా పాతవైతే సంతకం పెట్టకముందే మార్పించండి. శనివారం నడిపాక మూడు బళ్ల టైరు సైజులు, స్టిక్కర్ గాలి అంకెలు ఇక్కడ పెట్టండి, లెక్క చూసి చెప్తాం.